పద్యం పాదాలన్నీ ఒకే వరుసైపోతున్నాయి: మార్క్‌డౌన్‌లో కోట్‌లు, లైన్ బ్రేకులు

#1 గణయతి

పద్యాలూ తాత్పర్యాలూ మార్క్‌డౌన్ (మామూలు వచనంలోనే చిన్న గుర్తులతో రూపం చెప్పే పద్ధతి) ఫైళ్లుగా, అందరూ కలిసి ఫైళ్లు దిద్దుకునే గిట్‌హబ్ సైట్లో పెడుతున్నాం. ఆ ఫైళ్ల నుంచే వెబ్‌సైటూ ఈపబ్ పుస్తకమూ రెండూ రావాలి. పద్యాన్ని కోట్‌గా ఇలా రాస్తున్నాను:

```
> మొదటి పాదం
> రెండో పాదం
> మూడో పాదం
> నాలుగో పాదం
తాత్పర్యం: కవి ఇక్కడ చెప్పేదేమంటే...
```

ఫైలు తెరిస్తే నాలుగు పాదాలూ ఒకే వరుసగా అంటుకుపోయి కనిపిస్తున్నాయి. పైగా తాత్పర్యం కూడా కోట్ లోపలికి దూరిపోతోంది. ఇదే ముక్కను ఇష్యూ కింద కామెంట్లో అతికిస్తే పాదాలు విడివిడిగా చక్కగా వస్తున్నాయి, తాత్పర్యం మాత్రం అక్కడా లోపలే ఉంటోంది. ఒకే సైట్లో రెండు రకాలేంటి? పద్యానికి సరైన పద్ధతి ఏది?

#2 కొలిమి

మీ రెండు సమస్యలకూ కారణాలు వేరు.

పాదాలు కలిసిపోవడం: మార్క్‌డౌన్‌లో ఒక్కసారి ఎంటర్ కొడితే అది మెత్తటి విరుపు మాత్రమే. హెచ్‌టీఎంఎల్‌లోకి అది మామూలు కొత్త లైనుగానే వెళ్తుంది, బ్రౌజరు దాన్ని ఒక స్పేస్‌గా చూపిస్తుంది. పేరా మారాలంటే ఖాళీ లైను ఉండాలి. పేరా లోపలే లైను మారాలంటే గట్టి విరుపు విడిగా పెట్టాలి. గిట్‌హబ్ కామెంట్లలో, ఇష్యూల్లో మాత్రం ప్రతి ఎంటర్‌నూ గట్టి విరుపుగా మార్చేస్తారు, అక్కడ జనం చాట్‌లో రాసినట్టే రాస్తారు కాబట్టి. ఎండీ (మార్క్‌డౌన్) ఫైళ్లకు ఆ సౌకర్యం లేదు. అందుకే ఒకే సైట్లో రెండు రకాలు.

తాత్పర్యం లోపలికి పోవడం: దీన్ని కామన్‌మార్క్ స్పెక్‌లో (మార్క్‌డౌన్ రూళ్లను కచ్చితంగా రాసిన పత్రం) బద్ధకపు కొనసాగింపు అన్న అర్థంలోనే పిలుస్తారు. కోట్‌లో పేరా నడుస్తుండగా తర్వాతి లైనుకు > పెట్టడం మానేసినా, అది ఇంకా ఆ పేరాలో భాగమే అనుకుంటుంది. మధ్యలో ఒక ఖాళీ లైను వదిలితే సరి, తాత్పర్యం బయటికొస్తుంది.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. కోట్‌లో చివరిది లిస్టు అంశమైతే, కింద > లేకుండా రాసిన లైను వెళ్లి ఆ లిస్టు అంశంలో కూర్చుంటుంది. అదే కోట్‌లో కోడ్ ముక్క నడుస్తుంటే బద్ధకం చెల్లదు. > తీసేసిన చోటే కోట్ ఆగుతుంది, కోడ్ బ్లాక్ కూడా అక్కడే మూసుకుంటుంది. బద్ధకపు రూలు పేరా వచనానికి మాత్రమే.

#3 చుక్కగుర్తు

గట్టి విరుపుకు మూడు దారులున్నాయి. కింద స్పేస్‌ను · గుర్తుతో చూపిస్తున్నాను.

```
> మొదటి పాదం··
> రెండో పాదం\
> మూడో పాదం
```

మొదటి లైను చివర రెండు స్పేస్‌లు, రెండో లైను చివర బ్యాక్‌స్లాష్. మూడో దారి బీఆర్ ట్యాగ్ (హెచ్‌టీఎంఎల్‌లో లైను మార్చే గుర్తు) నేరుగా రాసేయడం.

రెండు స్పేస్‌లు అన్ని మార్క్‌డౌన్‌లలోనూ పనిచేస్తాయి, కానీ కంటికి కనబడవు. కనబడనిది నిలవదు. చాలా ఎడిటర్లలో ఫైలు సేవ్ చేయగానే లైను చివరి స్పేస్‌లు చెరిపేసే సెట్టింగ్ ఉంటుంది. ప్రాజెక్టులో ఎడిటర్ల సెట్టింగులు రాసే ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు ఉంటే అందులో ట్రిమ్ ట్రెయిలింగ్ వైట్‌స్పేస్ అన్నది ఎండీ ఫైళ్ల వరకు ఫాల్స్ చేయండి, లేకపోతే ఎవరో అక్షరదోషం దిద్దడానికి ఫైలు తెరిచి మూసినా పద్యాలన్నీ వచనమైపోతాయి. మార్పుల పట్టికలో అది ఎవరి కంటా పడదు.

ఇవి కూడా చూసుకోండి:

వర్డ్ నుంచో వెబ్ పేజీ నుంచో కాపీ చేస్తే లైను చివర ఉన్నవి మామూలు స్పేస్‌లు కాకుండా విడిపోని స్పేస్‌లు కావచ్చు. కామన్‌మార్క్ లెక్కలో అవి స్పేస్‌లు కావు, రెండు కాదు కదా పది ఉన్నా లైను మారదు. ట్యాబ్ కూడా చెల్లదు.

తెలుగులో అదనంగా ఇంకో బాధ. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు నిలబడడానికి వేసే జీరో విడ్త్ నాన్ జాయినర్ పొరపాటున లైను చివర, స్పేస్‌ల తర్వాత మిగిలిపోతుంది. స్పేస్‌లు లైను అంచుకు ఆనుకుని లేవు కాబట్టి విరుపు పోతుంది. ఎంత వెతికినా ఏమీ కనిపించదు.

ఫోన్లో రెండుసార్లు స్పేస్ కొడితే చాలా కీబోర్డులు దాన్ని ఫుల్‌స్టాప్‌గా మార్చేస్తాయి. ఫోన్ నుంచి దిద్దే సభ్యులుంటే రెండు స్పేస్‌ల పద్ధతి మర్చిపోండి.

నా ఓటు బ్యాక్‌స్లాష్‌కు.

#4 అరసున్న

బ్యాక్‌స్లాష్ అనేముందు సైట్ దేంతో తయారవుతుందో అడగాలి కదండీ. కామన్‌మార్క్ పాటించే వాటిలో ఒక బ్యాక్‌స్లాష్ చాలు, హ్యూగో అనే సైట్ తయారీ పరికరం వాడే గోల్డ్‌మార్క్ ఆ కోవలోదే. జెకిల్ అనే అలాంటి పరికరంలో మామూలుగా ఉండే క్రామ్‌డౌన్‌కు రెండు బ్యాక్‌స్లాష్‌లు కావాలి. ఎంకేడాక్స్ వెనకున్న పైథాన్-మార్క్‌డౌన్‌కు ఈ పద్ధతే తెలియదు, ప్రతి పాదం చివరా బ్యాక్‌స్లాష్ అచ్చంగా కనిపిస్తుంది, పాదాలు మాత్రం కలిసే ఉంటాయి. అంటే రెండు నష్టాలూ ఒకేసారి.

పైథాన్-మార్క్‌డౌన్‌లో ఇంకో తేడా: వరుసగా రెండు పద్యాలు రెండు కోట్‌లుగా పెట్టి మధ్యలో ఖాళీ లైను వదిలితే కామన్‌మార్క్‌లో రెండు విడి కోట్‌లు వస్తాయి. ఇక్కడ రెండూ కలిసి ఒకే పెట్టెలో పడతాయి. మార్క్‌డౌన్ తెచ్చిన జాన్ గ్రూబర్ రాసిన మొదటి పెర్ల్ స్క్రిప్టు తీరూ ఇదే. విడగొట్టాలంటే మధ్యలో ఒక హెచ్‌టీఎంఎల్ కామెంట్ పెట్టాలి. పద్యానికీ పద్యానికీ మధ్య ఎలాగూ తాత్పర్యం ఉంటుంది కాబట్టి మీకు ఈ బెడద తక్కువే.

#5 పాతటపా

ఎంటర్ కొడితే లైను మారకపోవడం చాలామందికి పిచ్చి నిర్ణయంలా కనిపిస్తుంది. > గుర్తు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే అందులో తర్కం ఉంది.

అంతకుముందే 2002లో డీన్ అలెన్ టెక్స్‌టైల్ అనే గుర్తుల భాష తెచ్చాడు. అందులో ఎంటర్ కొడితే లైను మారుతుంది. కోట్ కావాలంటే పేరా ముందు బీ, క్యూ అనే రెండక్షరాలూ చుక్కా పెట్టాలి. 2004లో జాన్ గ్రూబర్, ఆరన్ స్వార్ట్జ్ సాయంతో మార్క్‌డౌన్ తెచ్చినప్పుడు ఈమెయిల్ అలవాట్లను తీసుకున్నాడు. ఈమెయిల్లో జవాబిచ్చేటప్పుడు అవతలివాళ్ల మాటల్లో ప్రతి లైను ముందూ > ఉంటుంది. ప్రతి లైను ముందూ గుర్తు ఉండాలంటే పేరాను 70 చిల్లర అక్షరాలకు ఒకసారి చేత్తోనే విరవాలి. అలా విరిచిన పేరాలో ప్రతి విరుపునూ నిజమైన లైన్ బ్రేక్‌గా తీసుకుంటే మాటలన్నీ మెట్లుమెట్లుగా పడతాయి. అంటే కోట్‌కు > ఎంచుకున్న క్షణంలోనే లైన్ బ్రేక్ సంగతి కూడా తేలిపోయింది. పైన ఇద్దరూ విడివిడిగా చెప్పిన రూళ్లు రెండూ ఆ ఒక్క ఎంపిక పిల్లలే.

ఒక సరదా సంగతి. అదే 2004లో ఈమెయిల్ వాళ్లు ఫార్మాట్-ఫ్లోడ్ అనే పద్ధతిని సవరించి ఆర్ఎఫ్‌సీ 3676 అనే ప్రమాణ పత్రంగా ప్రకటించారు. అందులో లైను చివర స్పేస్ ఉంటే తర్వాతి లైను దీనికి కలపమని అర్థం, లేకపోతే అక్కడితో పేరా ముగిసినట్టు. మార్క్‌డౌన్‌లో లైను చివర స్పేస్‌లు ఉంటే విరవమని అర్థం. పూర్తిగా తిరగబడింది. > లోతు మారితే ఫార్మాట్-ఫ్లోడ్‌లో పేరా అక్కడితో ఆగిపోతుంది, మార్క్‌డౌన్‌లో బద్ధకపు కొనసాగింపు దాన్ని మింగేస్తుంది. గణయతి గారి తాత్పర్యాన్ని మింగింది అదే.

#6 గణయతి

అందరికీ ధన్యవాదాలు. సైటూ ఈపబ్బూ రెండూ, ఫైళ్లను ఒక ఫార్మాట్ నుంచి ఇంకోదానికి మార్చే పాన్‌డాక్‌తోనే తయారవుతాయి. మరి ప్రతి ఎంటర్‌నూ లైన్ బ్రేక్ చేసే ఆప్షన్ ఏదైనా ఆన్ చేసేస్తే ఈ గొడవంతా పోదా? సీసపద్యాలు కూడా చాలా ఉన్నాయి, రెండో సగం కాస్త లోపలికి జరిగి రావాలి. మార్క్‌డౌన్‌లో ముందు పెట్టిన స్పేస్‌లు మాయమవుతున్నాయి.

#7 కొలిమి

ఆప్షన్ ఉంది. పాన్‌డాక్‌లో హార్డ్-లైన్-బ్రేక్స్ అనే ఎక్స్‌టెన్షన్, పైథాన్-మార్క్‌డౌన్‌లో ఎన్ఎల్-టు-బీఆర్, మార్క్‌డౌన్-ఇట్‌లో బ్రేక్స్ ట్రూ. పెట్టకండి. ఫైలు మొత్తానికీ వర్తిస్తుంది కాబట్టి తాత్పర్యాలు కూడా ఎడిటర్లో ఎక్కడ విరిచారో అక్కడల్లా విరిగి వస్తాయి. ఫోన్లో చదివితే ఒక లైను నిండుగా, తర్వాతి లైను రెండు మాటలతో.

తాత్పర్యాలను ఒక్కో వాక్యం ఒక్కో లైనుగా రాసుకునే స్వేచ్ఛ కూడా పోతుంది. ఆ అలవాటు మంచిది. ఒక్కో వాక్యాన్ని కొత్త లైనులో మొదలెట్టమని బ్రయాన్ కెర్నిగన్ 1974లోనే యూనిక్స్ నేర్చుకునేవాళ్లకు రాసిన కాగితంలో చెప్పాడు. గిట్‌లో దీని విలువ ఇప్పుడు తెలుస్తుంది: ఒక వాక్యం దిద్దితే ఆ ఒక్క లైనే మారినట్టు చూపిస్తుంది, పేరా మొత్తం ఎర్రబడదు.

#8 నిలువుగీత

పాన్‌డాక్ అంటున్నారు కాబట్టి మీకు కావలసింది లైన్ బ్లాక్. లైను ముందు నిలువు గీత, ఒక స్పేస్, ఆపైన వచనం. కోట్ లోపల కూడా పెట్టుకోవచ్చు:

```
తాత్పర్యానికి ముందు మాట ఇక్కడ ముగిసింది.

> | సీసం మొదటి పాదం, మొదటి సగం
> |     రెండో సగం
> | రెండో పాదం, మొదటి సగం
> |     రెండో సగం

తాత్పర్యం: ...
```

గీత తర్వాత అదనంగా పెట్టిన స్పేస్‌లు అలాగే ఉంటాయి, వాటిని విడిపోని స్పేస్‌లుగా మార్చి పంపుతుంది. పాదం మరీ పొడవై ఎడిటర్లో మడవాల్సి వస్తే రెండో లైనును గీత లేకుండా స్పేస్‌తో మొదలెట్టండి, పై లైనుకే కలుస్తుంది. లైను చివర ఏ గుర్తూ అక్కర్లేదు, చెరిగిపోయేదీ ఏమీ లేదు.

మూడు జాగ్రత్తలు. ఒకటి, పాన్‌డాక్ సొంత మార్క్‌డౌన్‌లో కోట్‌కు ముందు ఖాళీ లైను తప్పనిసరి. గిట్‌హబ్‌లో పేరా కిందే > పెట్టినా కోట్ మొదలవుతుంది, పాన్‌డాక్‌లో ఆ > మాటల మధ్య గుర్తుగా మిగులుతుంది. రెండు, ఇన్‌పుట్ ఫార్మాట్‌ను జీఎఫ్ఎం (గిట్‌హబ్ తరహా మార్క్‌డౌన్) అని ఇస్తే లైన్ బ్లాకులు పనిచేయవు, ఉత్త మార్క్‌డౌన్ అని ఇవ్వాలి. మూడు, గిట్‌హబ్‌కు లైన్ బ్లాక్ తెలియదు. అక్కడ ఫైలు చూస్తే పాదాలు కలిసిపోయి, మధ్యలో గీతలతో కనిపిస్తాయి.

ఫైళ్లలో ఛందస్సు గణాలు కూడా చూపిస్తున్నారా? లఘువుకు నిలువు గీత వాడే అలవాటుంటే చూసుకోండి. నగణం, సగణం లాంటివి లఘువుతోనే మొదలవుతాయి. గీతకూ గీతకూ మధ్య స్పేస్ ఇచ్చి లైను మొదట్లో రాస్తే పాన్‌డాక్ మొదటి లఘువును లైన్ బ్లాక్ గుర్తుగా మింగేస్తుంది, నగణంలో రెండు లఘువులే మిగులుతాయి. గణాల వరుసను కోడ్ బ్లాక్‌లో పెట్టండి.

#9 చుక్కగుర్తు

మూడో జాగ్రత్త చిన్నదేం కాదు. గిట్‌హబ్‌లోనే చూసి దిద్దేవాళ్లకు అది చదవడానికి వీల్లేకుండా ఉంటుంది. బ్యాక్‌స్లాష్ గిట్‌హబ్‌లోనూ పాన్‌డాక్‌లోనూ రెండుచోట్లా చెల్లుతుంది. ఆటవెలది, తేటగీతి, కందాలకు అదే వాడి, సీసానికి మాత్రం లైన్ బ్లాక్ పెట్టుకుంటే?

బ్యాక్‌స్లాష్ వాడితే నాలుగో పాదం చివర పెట్టకండి. పేరా చివర గట్టి విరుపుకు అర్థం లేదు, అక్కడ బ్యాక్‌స్లాష్ అక్షరంగానే అచ్చవుతుంది. స్పేస్‌లైతే చడీచప్పుడు లేకుండా పోతాయి, ఆ ఒక్క విషయంలో అవే నయం.

#10 నిలువుగీత

రెండు పద్ధతులు కలిపితే ఆర్నెల్ల తర్వాత ఏ ఫైల్లో ఏది ఉందో ఎవరికీ గుర్తుండదు. ఏదో ఒకటే పెట్టుకోండి. సీసాలు ఎక్కువన్నారు కాబట్టి లైన్ బ్లాకే.

#11 పల్లకీబోయి

సీసం గురించి ఒక మాట. సీసపాదానికి ఆరు ఇంద్రగణాలూ రెండు సూర్యగణాలూ ఉంటాయి, సగానికి విరిచినా నాలుగేసి గణాలు. చిన్న ఫోన్ తెరమీద ఆ సగం కూడా మడత పడుతుంది. మడత పడిన ముక్క కూడా ఎడమ అంచునే మొదలైతే, అది కొత్త పాదమో పాత పాదం మిగులో తెలియదు. అచ్చులో అయితే మిగులును లోపలికి జరిపి వేస్తారు.

వెబ్ పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్‌లో దీనికి ఎడమవైపు ప్యాడింగ్ 2 ఈఎం, టెక్స్ట్ ఇండెంట్ మైనస్ 2 ఈఎం ఇస్తారు. కానీ టెక్స్ట్ ఇండెంట్ ఒక బ్లాక్‌లో మొదటి లైనుకే వర్తిస్తుంది, బీఆర్ తర్వాత వచ్చే లైన్లకు కాదు. పాన్‌డాక్ లైన్ బ్లాక్‌ను ఒక డివ్ (హెచ్‌టీఎంఎల్ పెట్టె) చేసి లోపల బీఆర్‌లు పెడుతుంది, కాబట్టి మొదటి పాదం ఒక్కటే సరిగ్గా వస్తుంది. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే ఇంకో గుర్తుల భాషలోనూ నిలువు గీత పద్ధతే ఉంది, కానీ దాన్ని మార్చే డాక్‌యుటిల్స్ ప్రతి లైనునూ విడి డివ్‌గా పంపుతుంది, ఇండెంట్ అన్ని పాదాలకూ పడుతుంది. పాన్‌డాక్‌లో ఇదే కావాలంటే లువా భాషలో చిన్న ఫిల్టర్ రాసి లైన్ బ్లాక్‌లోని ఒక్కో లైనునూ ఒక్కో డివ్ చేయాలి. పది లైన్లకు మించదు.

#12 అరసున్న

రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ పేరెత్తారు కాబట్టి: అందులో కోట్‌కు గుర్తే లేదు, లోపలికి జరిపి రాస్తే అదే కోట్. చివర ఖాళీ లైను వదిలి రెండు గీతలతో పేరు రాస్తే దాన్ని రచయిత పేరుగా గుర్తుపడుతుంది. అందం అందమే, కానీ ఒక్క స్పేస్ ఎక్కువ తక్కువైతే ఊహించని ఇండెంటేషన్ అంటూ ఎర్రర్లు మొదలు.

ఆస్కీడాక్‌లో పద్యానికంటూ విడిగా వర్స్ బ్లాకే ఉంది. పైనా కిందా నాలుగేసి అండర్‌స్కోర్లు, దానిమీద బ్రాకెట్లో వర్స్ అని, కామా పెట్టి కవి పేరు, ఇంకో కామా పెట్టి కావ్యం పేరు. విరుపులూ ముందు స్పేస్‌లూ అన్నీ ఉన్నవి ఉన్నట్టే. మామూలు పేరాలో లైను విరవాలంటే చివర స్పేస్, ప్లస్ గుర్తు. ఆర్గ్‌మోడ్‌లోనూ బిగిన్ వర్స్, ఎండ్ వర్స్ ఉన్నాయి. కోట్ వేరు పద్యం వేరు అని ఈ రెండు భాషలూ మొదటే ఒప్పుకున్నాయి. మార్క్‌డౌన్ ఒప్పుకోలేదు, మనం ఇక్కడ ఇంతసేపు మాట్లాడుకోవడం అందుకే.

#13 తాళపత్రం

వికీసోర్స్ నుంచి పద్యాలు తెచ్చుకుంటున్నారా? అక్కడి రాత మీడియావికీది. అందులోనూ ఒక్క ఎంటర్ లెక్కలోకి రాదు, ఖాళీ లైనుకే పేరా మారుతుంది. పద్యాలకు పోయెమ్ ట్యాగ్ వాడతారు. దాని లోపల ప్రతి ఎంటర్ బీఆర్ అవుతుంది, ముందు స్పేస్‌లు నిలుస్తాయి, కోలన్ పెడితే లోపలికి జరుగుతుంది. ట్యాగ్ బయట ఇదే తిరగబడుతుంది: లైను ముందు ఒక్క స్పేస్ పెట్టినా ఆ లైను కోడ్ పెట్టెలో పడుతుంది.

కాబట్టి దిద్దుబాటు పెట్టెలోంచి కాపీ చేస్తే పోయెమ్ ట్యాగుల మధ్య ఉన్నదంతా తీసుకుని ప్రతి లైను ముందూ నిలువు గీత చేర్చాలి, ముందున్న కోలన్లకు బదులు నాలుగేసి స్పేస్‌లు. చదివే పేజీ నుంచి కాపీ చేస్తే #3లో చెప్పిన విడిపోని స్పేస్‌లు వెంట వస్తాయి.

#14 కొలిమి

కవి పేరు సంగతి మర్చిపోయాం. చాలామంది పద్యం కింద ఇలా రాస్తారు:

```
> నాలుగో పాదం
> - కవి పేరు
```

ఒక గీత, స్పేస్ అంటే లిస్టు. కవి పేరు ముందు బుల్లెట్ చుక్క వస్తుంది. పొడవు గీత — వాడండి, దానికి ముందు ఉత్త > ఉన్న లైను ఒకటి వదలండి. పద్యానికీ పేరుకూ మధ్య అడ్డంగీత కోసం కోట్ లోపల మూడు హైఫన్లు పెడితే ఇంకా ఘోరం, పై పద్యమంతా శీర్షికగా మారి పెద్దక్షరాల్లో వస్తుంది. కోట్ బయట, > లేకుండా పెడితే అది మామూలు అడ్డంగీతే.

పద్యం సంఖ్యను లైను మొదట్లో 1, చుక్క, స్పేస్ అని రాస్తే అదీ లిస్టే. తెలుగు అంకె ౧ వేసి చుక్క పెడితే కామన్‌మార్క్ పట్టించుకోదు, దాని లెక్కలో అంకెలంటే 0 నుంచి 9 వరకే. పద్యాలకు తెలుగు అంకెలు వేయడానికి ఇదొక కొత్త కారణం.

#15 పాతటపా

తాత్పర్యాలను ఏదైనా స్క్రిప్టుతో నిర్ణీత వెడల్పుకు విరుస్తుంటే జాగ్రత్త. పాత పరికరాలు కొన్ని బైట్లు లెక్కపెడతాయి. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి 3 బైట్లు, 72 బైట్లంటే 24 పాయింట్లే. లక్ష్మీలోని క్ష్మీ చూడండి: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడిదీర్ఘం, మొత్తం ఆరు పాయింట్లు, 18 బైట్లు, కంటికి ఒకే అక్షరం. మధ్యలో కోస్తే క్ష్ ఒక లైనులో, మీ ఇంకో లైనులో పడతాయి, మార్క్‌డౌన్ వాటి మధ్య స్పేస్ పెట్టి చూపిస్తుంది. స్పేస్ దగ్గర మాత్రమే విరిచేలా పెట్టండి. ఒక్కో వాక్యం ఒక్కో లైను పద్ధతైతే విరవాల్సిన పనే లేదు.

#16 గణయతి

లైన్ బ్లాకుకే మార్చేస్తున్నాం. కవి పేరుకు పొడవు గీత, పద్య సంఖ్యకు తెలుగు అంకె. సీసానికీ దాని కింది తేటగీతికీ మధ్య ఉత్త > లైను ఒకటి. ఇండెంట్ కోసం లువా ఫిల్టర్. పాత ఫైళ్లలో ఎక్కడ తప్పిందో ఒక్కోటి తెరిచి చూడకుండా తెలుసుకోవడం ఎలా?

#17 నిలువుగీత

పాన్‌డాక్‌కు అవుట్‌పుట్ ఫార్మాట్ నేటివ్ అని ఇచ్చి నడపండి. ఫైలును తను ఎలా అర్థం చేసుకుందో పేర్లతో సహా చెప్తుంది. పద్యం ఉన్నచోట బ్లాక్‌కోట్ లోపల లైన్‌బ్లాక్ కనిపిస్తే సరిగ్గా ఉంది. బ్లాక్‌కోట్ లోపల పేరా, అందులో సాఫ్ట్‌బ్రేక్‌లు ఉంటే పాదాలు కలిసిపోయాయన్నమాట. లైన్‌బ్రేక్ ఉంటే ఎవరో పాత రెండు స్పేస్‌లో బ్యాక్‌స్లాషో వదిలేశారు. బ్లాక్‌కోటే కనిపించకపోతే పైన ఖాళీ లైను లేదు.

లైను చివర మిగిలిన స్పేస్‌లు కమిట్ చేసే ముందు గిట్ డిఫ్‌కు చెక్ ఆప్షన్ ఇస్తే బయటపడతాయి. లైన్ బ్లాకుకు మారాక వాటి అవసరం లేదు కాబట్టి ఎడిటర్‌కాన్ఫిగ్‌లో ఫాల్స్ చేసింది మళ్లీ ట్రూ చేసేయొచ్చు.